క్షమించరానిదానికి దాని పేరే పెట్టండి

వైద్యరంగంలో ఘోరం జరిగినప్పుడు విచారణకంటే ముందు ఒక మాట బయటికి వస్తుంది. అది తరచుగా ఇంగ్లీషు మాటే: ‘అన్‌ఫార్చునేట్’, ‘కాంప్లికేషన్’, ‘ల్యాప్స్’. మా రాయికోడ్ నుంచి జహీరాబాదుకో, సంగారెడ్డికో, సరిహద్దు దాటి బీదరుకో రోగిని తీసుకుపోయిన కుటుంబం ఆ మాట విని, డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు గనుక అది శాస్త్రమే అయి ఉంటుందని తల వంచుకుని తిరిగి వస్తుంది. నా అభియోగం ఈ మెత్తని మాటల మీదనే.

అదే ఇంగ్లీషులో కఠినమైన మాటలూ ఉన్నాయి. ‘అన్‌జస్టిఫయబుల్’ అంటే సమర్థించరానిది. ‘ఇన్‌ఎక్స్‌క్యూజబుల్’ అంటే ఏ సాకూ చెల్లనిది. ‘అన్‌కాన్షనబుల్’ అంటే మనస్సాక్షి ఒప్పుకోనిది. మొదటి రెండూ ఒకటి కావు. ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1956లో ఆ భేదాన్ని వివరించాడు. సమర్థించుకునేవాడు ‘చేశాను, కాని అది సరైన పనే’ అంటాడు. సాకు చెప్పేవాడు ‘అది చెడే, కాని పూర్తి బాధ్యత నాది కాదు’ అంటాడు.

వైద్యంలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాణం నిలపడానికి కుళ్లిన కాలు తీసివేయడం సమర్థనీయం. తగిన జాగ్రత్తలన్నీ తీసుకుని మొదటిసారి ఇచ్చిన మందు రోగికి పడకపోతే అది క్షంతవ్యం. ఆ మందు పడదని చీటీలో రాసి ఉన్నా చదవకుండా సూది వేస్తే దానికి సమర్థనా లేదు, సాకూ లేదు. ముందే తెలిసి ఉండడం, ఆపగలిగి ఉండడం, అయినా ఆపకపోవడం: ఈ మూడూ కలిసిన చోట ‘దురదృష్టం’ అనే మాటకు తావు లేదు.

ఈ గీటురాయి మీద మన రాష్ట్రపు ఒక ఘటనను చూడండి. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు మరణించారు. ఇలాంటి శిబిరాల ప్రమాదం అప్పటికి ఎవరికీ తెలియనిది కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వద్ద ఇటువంటి శిబిరాల్లోనే పదిమందికి పైగా మహిళలు చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులోనే ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఆపివేయాలని చెప్పింది. ఆ గడువు దాటిన తరువాత జరిగిన మరణాలను ‘దురదృష్టకరం’ అనడం తల్లులను పోగొట్టుకున్న పిల్లలను వంచించడమే.

మరణం లేని చోటా ఇదే భాష రాజ్యమేలుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అవసరమైన సిజేరియన్ ప్రాణదాత. అవసరం లేనిదానికి ‘పేషెంట్ ఛాయిస్’ అని పేరు పెట్టడం అన్‌కాన్షనబుల్. ముహూర్తం చూసుకుని కోత కోరే కుటుంబాలకూ ఈ పాపంలో వాటా ఉంది.

ఇంత కఠినంగా మాట్లాడితే వైద్యులు భయపడి క్లిష్టమైన కేసులు తీసుకోరని, ఆసుపత్రులపై దాడులు పెరుగుతాయని నా తోటి వైద్యులు అంటారు. ఆ భయం నిజమైనదే. రోగి మరణించినంత మాత్రాన వైద్యుడు నేరస్థుడు కాడు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయంలో దొర్లిన పొరపాటును నిర్లక్ష్యం నుంచి, నిర్లక్ష్యాన్ని నేరమయ్యేంత తీవ్రమైన నిర్లక్ష్యం నుంచి వేరుచేసింది. కాని ఆ తీర్పు వైద్యులకు రక్షణ ఇచ్చింది మాటలను వేరుచేసే కదా! అన్నిటినీ ‘కాంప్లికేషన్’ అనే ఒకే గోతాంలో వేసి కట్టినప్పుడు నిజాయితీపరుడైన వైద్యుడి పొరపాటుకూ, బాధ్యత లేనివాడి అకృత్యానికీ తేడా చెరిగిపోతుంది. జనం అనుమానం అందరి మీదా పడుతుంది. దాడి చేసే గుంపుకు ఆ అనుమానమే ఊపిరి.

కాబట్టి మీకు ఎవరైనా ఆ మెత్తని ఇంగ్లీషు మాట చెబితే తల ఊపి ఊరుకోకండి. గొంతు పెంచకుండా, చేయి ఎత్తకుండా, తెలుగులోనే మూడు ప్రశ్నలు అడగండి: ఈ ప్రమాదం మీకు ముందే తెలుసా? దాన్ని ఆపడానికి ఏం చేశారు? చేయకపోతే ఎందుకు చేయలేదు? కేసు షీట్ల నకళ్లు రాతపూర్వకంగా కోరండి. అది మీ హక్కు. సమాధానం ఉన్న వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. సమాధానం లేని చోట మాత్రం మొహమాటం వదలి ‘ఇది క్షమించరానిది’ అనే రాయండి, ఫిర్యాదులో మొదటి వాక్యంగా.