ఆరోగ్యవిషయములు: కంటిచికిత్స పిదప మరల ఈతకు

ఈతపందెములకు శిక్షణ పొందు బాలికలు నేడు మన ఇండ్లలో అరుదు కారు. వారిలో కళ్లజోడు గలవారు కొందరు, 18 ఏండ్లు నిండి చూపు నిలుకడకు వచ్చిన పిమ్మట, లేసిక్ అను శస్త్రచికిత్స చేయించుకొనుచున్నారు. అటు తరువాత ఇంటిలో రెండు పొరపాట్లలో ఒకటి జరుగుచుండును. పందెము దగ్గరపడినదని వారము తిరుగకుండగనే పిల్లను నీటిలోనికి పంపుట మొదటిది. ‘పెండ్లి కావలసిన పిల్ల; కన్నునకేమైన వచ్చిన నెవరు దిక్కు?’ అని ఈతను శాశ్వతముగా మాన్పించుట రెండవది. రెండును ఆ బాలికకు అన్యాయములే యని మా అభిప్రాయము.

కంటిలో జరిగినదేమో తెలిసినచో తొందరయు భయమును గూడ తగ్గును. నల్లగ్రుడ్డునకు ముందు గడియారపు అద్దమువలె నుండు స్వచ్ఛమైన పొరను కార్నియా యందురు. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు. లేసిక్ పద్ధతిలో వైద్యులు దాని పైభాగమును పలుచని రేకువలె కోసి యెత్తి, లోపలి భాగమును లేజరు కిరణముతో సరిదిద్ది, రేకును మరల యథాస్థానమున పరతురు. కుట్లు వేయరు. తరచుగా మరునాటికే చూపు తేటపడును. మనము మోసపోవునది ఇక్కడనే. చూపు వచ్చుట వేరు, గాయము మానుట వేరు. కోతలో సన్నని నరములు తెగుటచే కొన్ని నెలలు కార్నియాకు స్పర్శ తగ్గియుండును. కావున ‘నొప్పి లేదు గదా!’ అను మాటను నమ్మి నీట దిగరాదు.

కొలనులోని నీరు తేటగా నున్నంత మాత్రమున నిర్దోషమని తలపరాదు. అకాంతమీబా అను సూక్ష్మజీవి చెరువులలోను, కుళాయి నీటిలోను, ఈతకొలనులలోను గూడ నుండగలదు. అది గట్టి పొరలో దాగియున్నప్పుడు క్లోరినుకు సులభముగా లొంగదు. కార్నియాలో చేరెనా, చికిత్స నెలల తరబడి సాగును, చూపునకే ముప్పు. ఇదిగాక ప్రక్క బాలిక మోచేయి తగిలినను రేకు కదలవచ్చును. అందువలననే అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ లేసిక్ పిదప 1 నుండి 2 నెలలు ఈత వలదని చెప్పుచున్నది. అంతకు తక్కువ గడువు చెప్పు వైద్యులును గలరు. రేకు కోయని పద్ధతులకు గడువు వేరు. కావున పొరుగింటి పిల్ల గడువు మన పిల్లకు కొలత కానేరదు. చికిత్స చేసిన వైద్యుని మాటయే ప్రమాణము.

నీటికి దూరమైనను శిక్షణకు దూరము కానక్కరలేదు. వైద్యుని యనుమతితో నడకయు, పిమ్మట కాళ్లకు, నడుమునకు బలమిచ్చు వ్యాయామములును చేయవచ్చును. చెమట కంటిలోనికి కారకుండ నుదుట శుభ్రమైన గుడ్డ కట్టవలెను. కన్ను నలుపరాదు. చుక్కల మందు వేళ తప్పరాదు.

అనుమతి దొరకిన దినమున గాగుల్సు లేక నీట దిగరాదు. పూర్వము పవరు అద్దములతో చేయించిన గాగుల్సు ఇక పనికిరావు, క్రొత్తవి కొనవలెను. పట్టీని మిక్కిలి బిగింపరాదు, లాగి విడువరాదు. మొదట కొద్ది దూరము, జనము లేని వేళ ఈదుట మేలు. పై నుండి దుముకుటయు, పలువురితో కలిసి ఈదుటయు తరువాతి మెట్లు. కన్ను ఎఱ్ఱబడినను, నొప్పి పుట్టినను, వెలుతురు చూడలేకున్నను, చూపు మసకబారినను ఆ దినముననే వైద్యునికి చూపవలెను.

నెల పోయినచో సర్వమును పోయెనని దుఃఖించు బాలికకు ఆరతీ సాహా కథ చెప్పుడు. ఆమె 1959 ఆగస్టులో ఇంగ్లీషు కాలువను ఈద యత్నించి, ప్రవాహము ఎదురు తిరుగగా విఫలురాలయ్యెను. అదే సంవత్సరము సెప్టెంబరు 29న మరల దిగి, 16 గంటల 20 నిమిషములలో దాటి, ఆ కాలువను ఈదిన మొదటి ఆసియా వనితగా పేరొందెను. నడుమ గడచినది ఒక మాసమే.

కావున తల్లులారా! వైద్యుడు చెప్పిన తేదీని పంచాంగముపై వ్రాసియుంచుడు. అంతకు ముందు ఎవరు తొందరపెట్టినను పంపకుడు. ఆ దినము వచ్చిన పిమ్మట ఎవరు భయపెట్టినను ఆపకుడు.