సారవ కర్ర మీద నిలబడింది మన కూలీయే

కోతలు అయిపోయాక మన పల్లెల్లో కూలీకి పనుండదు. అప్పుడు మేస్త్రీ వస్తాడు. చేతిలో అడ్వాన్సు పెడతాడు, బస్సెక్కిస్తాడు. పాలమూరు నుంచి హైదరాబాదుకు, బొంబాయికి, పూణేకు పోయేవాళ్లూ, శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖకు, చెన్నైకి పోయేవాళ్లూ మొన్నటిదాకా నాట్లు వేసినవాళ్లే, కోత కోసినవాళ్లే. కనుక కట్టుబడి పనుల్లో భద్రత పట్నం కార్మికుల సమస్య, మనకు సంబంధం లేదు అనుకుంటే పొరపాటు. సారవ కర్ర మీద నిలబడింది మన కూలీయే. ప్రమాదం జరిగితే శవం వచ్చేదీ మన ఊరికే.

2014 జూన్ 28ని ఉత్తరాంధ్ర పల్లెలు మరచిపోలేదు. చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతుండగానే పదకొండు అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని పోయినవాళ్లు. పిడుగు పడిందని కట్టినవాళ్లు మొదట చెప్పారు. మరి పక్కనే ఉన్న రెండో భవనం మీద ఏ పిడుగూ పడలేదు గదా! అదీ నివాసానికి పనికిరాదని తేలి, 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. కూల్చినది మనుషులు కట్టిన తీరే గాని పిడుగు కాదని ఇంతకన్నా రుజువేం కావాలి?

2024 మే 7 రాత్రి హైదరాబాదు బాచుపల్లిలో వాన కురిసింది. కడుతున్న అపార్టుమెంటు ప్రహరీ విరిగి కూలీల రేకుల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. అందులో నాలుగేళ్ల పిల్లవాడు కూడా ఉన్నాడు. ఆ పిల్లవాడు పనిలో లేడు, నిద్రలో ఉన్నాడు. కూలీలకు కిరాయి లేకుండా తాత్కాలిక నివాసం కల్పించాలని 1996 చట్టంలోనే రాశారు. నివాసమంటే గోడ కింద రేకుల షెడ్డు కాదు.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకున్నారు. వాళ్లలో నలుగురు జార్ఖండ్ కూలీలు. రెండు నెలల గాలింపులో ఇద్దరి మృతదేహాలే బయటికి తేగలిగారు. ఈ సొరంగం ఉన్నది నాగర్‌కర్నూలు జిల్లాలో, అంటే పాత పాలమూరులో. పాలమూరు కూలీ దేశమంతా తిరిగి డ్యాములు కడతాడు. జార్ఖండ్ కూలీ పాలమూరుకొచ్చి సొరంగం తవ్వుతాడు. ఎక్కడి కూలీని అక్కడే పెట్టుకుంటే ఊరు అడుగుతుంది, సంఘం అడుగుతుంది. దూరంనుంచి వచ్చినవాడి తరఫున అడిగేవాడుండడు. కాంట్రాక్టరుకు కావలసింది సరిగ్గా అదే.

చట్టం లేక ఇదంతా జరుగుతోందా? కాదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. పదిమందీ అంతకన్నా ఎక్కువమందీ పనిచేసేచోట అది వర్తించింది. భద్రత బాధ్యత యజమానిదేనని, కాంట్రాక్టరు కూలిగాని పరిహారంగాని ఎగ్గొడితే యజమానే కట్టాలని అందులో రాశారు. కట్టుబడి ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలుచేసి కార్మికుల సంక్షేమానికి వాడాలన్నారు. వసూలైతే చేశారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు లెక్క తీస్తే, దేశం మొత్తంమీద 37,400 కోట్లకు పైగా వసూలైంది, ఖర్చయింది 9,500 కోట్లు మాత్రమే! కూలీ పేర వసూలైన సొమ్ము ఖజానాలో ఉంది. కూలీ మాత్రం బెల్టు లేకుండా ఆరో అంతస్తు మీద ఉన్నాడు.

ఇప్పుడా చట్టం కూడా పోయింది. 2019, 2020ల్లో పార్లమెంటులో ఆమోదించిన నాలుగు లేబర్ కోడ్‌లను కేంద్రం 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. 29 కార్మిక చట్టాలను వాటిలో కలిపేసింది. భద్రతా సూత్రాలు వృత్తిభద్రతా కోడ్‌లోకి, సెస్సు సామాజిక భద్రతా కోడ్‌లోకి పోయాయి. మంచి ఏమీ లేదని అనలేం. భద్రతాధికారిని పెట్టాలన్న నియమం ఇదివరకు 500 మంది ఉంటేనే, ఇప్పుడు 250 మందికే వర్తిస్తుంది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని ఉంది. ప్రాణాపాయం ఉందని తోస్తే యజమానికీ అధికారికీ తెలియజేసే హక్కు ఉంది.

అయితే రెండో చేత్తో తీసుకున్నదేమిటో చూడాలి. కాంట్రాక్టు కార్మికుల రక్షణ ఇదివరకు 20 మందికి వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉంటే గాని లేదు. అంతర్రాష్ట్ర వలస కూలీల రక్షణ ఐదుగురి నుంచి పదిమందికి పోయింది. సొంత ఇంటి నిర్మాణం 10 లక్షలు దాటితే చట్టం కిందికి వచ్చేది, ఇప్పుడు 50 లక్షల దాకా మినహాయింపు. సెస్సు ఎంత కట్టాలో కట్టేవాడే లెక్క వేసుకోవచ్చు. ఇనస్పెక్టరు పేరు పక్కన 'ఫెసిలిటేటర్' అని చేర్చారు. ఏ సైటుకు పోవాలో కంప్యూటరు చెబుతుంది. వందమంది కూలీలను నలుగురు మేస్త్రీల పేర పాతికేసిమందిగా చూపిస్తే మేస్త్రీల లెక్కలో ఆ 50 అంకెకు దొరకరు. ఆ విద్య కాంట్రాక్టర్లకు కొత్తగా నేర్పాలా?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కూలీ పేరు కాగితం మీద లేకపోతే ఎంత గొప్ప చట్టమైనా అతన్ని చూడలేదు. పైన కంపెనీ, దాని కింద పెద్ద కాంట్రాక్టరు, అతని కింద చిన్న కాంట్రాక్టరు, అట్టడుగున మన ఊరి మేస్త్రీ. కూలి జంటకింత అని మాట్లాడతాడు. పుస్తకంలో ఉంటే మొగుడి పేరుంటుంది, తట్ట మోసే ఆడమనిషి పేరుండదు. ప్రమాదం జరిగిననాడు కంపెనీ అంటుంది: "మాకు తెలియదు, కాంట్రాక్టరు నడగండి." కాంట్రాక్టరు అంటాడు: "మేస్త్రీ తెచ్చాడు, నాకేం సంబంధం?" మేస్త్రీ అంటాడు: "నేనూ కూలోణ్నే గదన్నా!" ఆఖరికి పెద్దమనుషుల్ని కూచోబెట్టి లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని, అంబులెన్సులో శవాన్ని పంపిస్తారు. దానికి సాయం అని పేరు.

అది సాయం కాదు, మోసం. పరిహారానికి ఒక లెక్క ఉంది. నెల కూలిలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె సుమారు 208. నెలకు 15,000 లెక్కన చూస్తే 15 లక్షల 60 వేలకు దగ్గరగా వస్తుంది. మరణం జరిగితే ఆ సొమ్ము అధికారి దగ్గరే జమ చెయ్యాలని, చాటుగా చేతికిచ్చి చేతులు దులుపుకుంటే చెల్లదని 1923 నాటి పరిహార చట్టంలోనే రాశారు. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దీనికి బదులు కాదు. కొత్త కోడ్‌లో యజమాని ఉల్లంఘన వల్ల మరణం జరిగితే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ అన్నారు. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితుల కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఈ సంగతులు తెలియకనే మన అక్కచెల్లెళ్లు వేలిముద్రలు వేస్తున్నారు.

కోడ్‌లకు వ్యతిరేకంగా 2025 నవంబరు 26న కార్మిక సంఘాలూ, రైతు సంఘాలూ కలిసి వీధిలోకి వచ్చాయి. ఆ పోరాటం సాగాలి. దాంతోపాటు ఊళ్లో మనం చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. బస్సు కదిలేముందే సంఘం ఒక నోటు పుస్తకం తెరవాలి. పోయేవాళ్ల పేర్లు, ఆడవాళ్లవి విడిగా, రాయాలి. మేస్త్రీ పేరు, ఫోను నంబరు, పైన కాంట్రాక్టరెవరు, సైటు ఎక్కడ, రోజుకూలి ఎంత, అడ్వాన్సు ఎంత, అన్నీ రాసి మేస్త్రీతో సంతకం పెట్టించాలి. పోయినవాళ్లు సైటు బోర్డును ఫోనులో ఫొటో తీసి పంపాలి. ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు సంక్షేమ బోర్డులో నమోదుకు అర్హులు. ఎండాకాలం మూడు నెలలు పనికి పోయే వ్యవసాయ కూలీ ఆ 90 రోజులకు ఇంచుమించు చేరతాడు. కావలసింది రుజువు, ఆ రుజువు ఈ పుస్తకంతోనే మొదలవుతుంది.

సైటులో కూడా ఒంటరిగా అడగొద్దు. ఒక్కడు "బెల్టు లేకుండా ఎక్కను" అంటే మర్నాడు పనిలోంచి తీసేస్తారు. గుంపంతా అంటే బెల్టు వస్తుంది. లోతు గుంత అంచుకు దన్ను పెట్టకపోతే దిగమని అందరూ కలిసి చెప్పాలి. ఒడిశా కూలీ ఉంటే అతన్నీ కలుపుకోవాలి. గోడ కూలేటప్పుడు నీదే రాష్ట్రమని అడగదు.

పరిహారం చనిపోయినవాణ్ని తిరిగి తేలేదు. అయినా మనిషి ప్రాణానికి కాంట్రాక్టరు లెక్క చెప్పక తప్పదని తెలిసిననాడు హెల్మెట్టూ, బెల్టూ, గట్టి సారవా వాటంతటవే వస్తాయి. ఆ లెక్క అడగాలంటే ముందు మన పేర్లు మన దగ్గర రాసి ఉండాలి. ఈ సీజను బస్సు కదలకముందే ప్రతి ఊరి సంఘమూ ఆ పుస్తకం తెరవాలి.