పది దినముల కాపలా



ఈ పేజీలో మేము పెద్ద పెద్ద సిద్ధాంతములు వ్రాయమని మీకు తెలుసు. వంటింట్లోనో, పొలము గట్టు మీదనో, బడికి వెళ్లే పిల్లల మాటలలోనో దొరికిన సంగతినే మీతో పంచుకొంటాము. ఈ నెల పాఠము మాకు వసారాలో పడుకొనే కుక్క దగ్గర దొరికింది. నవ్వకుండా చదవండి. నవ్వినా ఫరవాలేదు, చివరివరకు మాత్రము చదవండి.

2022వ సంవత్సరము వానాకాలములో ఒక రాత్రి గృహకూటము ముగించుకొని మేము, మా ఇంటామె బండి మీద తిరిగి వస్తున్నాము. రోడ్డు ప్రక్క తూములో ఏదో మూలుగు వినబడింది. దిగి చూస్తే గోధుమరంగు కుక్కపిల్ల, నిలువెల్లా తడిసి వణకుతూ ఉన్నది. తల్లి కోసము వెదికాము, కనబడలేదు. "మనకెందుకు, పోదాము పదండి" అన్నది మా ఇంటామే. మరుక్షణములో దానిని చీర చెంగులో చుట్టుకొన్నదీ ఆమే. ఇంటికి చేరేసరికి అది ఆమె ఒడిలో గుర్రుపెట్టి నిద్రపోతున్నది.

మా చిన్నవాడు దానికి టైగర్ అని పేరు పెట్టాడు. ఎనిమిదేళ్ల వాడి ధైర్యమంతా ఆ పేరులోనే ఉన్నది. కుక్కకు మాత్రము అంత ధైర్యము లేదు. ఉరిమితే మంచము క్రింద దూరుతుంది. పొరుగింటి పుంజు రెక్కలు విదిలిస్తే వచ్చి మా కాళ్ల మధ్య నిలబడుతుంది.

మరుసటి ఆదివారమే మా సంఘపెద్ద ఒకరు అడిగారు. "అయ్యగారూ, సేవకుని ఇంట కుక్క ఏమిటండీ? ప్రకటన గ్రంథము చివర కుక్కలు వెలుపల ఉంటాయనే కదా ఉన్నది?" అక్కడ చెప్పినది దుష్టక్రియలు మానని మనుష్యులను గూర్చియని, మత్తయి 15వ అధ్యాయములో కనాను స్త్రీ, యజమానుని బల్ల క్రింద రొట్టెముక్కలు ఏరుకొనే కుక్కపిల్లల మాట చెప్పి ప్రభువు మెప్పు పొందినదని మేము జ్ఞాపకము చేశాము. ఆయన నవ్వి, "అయితే బల్ల క్రిందనే ఉంచండి, బల్ల మీదికి ఎక్కించకండి" అన్నారు. ఆయన మాట కాదనలేక టైగర్‌కు వసారాలో గోనెపట్టా పరచాము.

అది వచ్చిన తరువాత మా ఇంటిలో చిన్న చిన్న సంతోషములు ఎక్కువయ్యాయి. మా బండి చప్పుడు ఊరి మొదటి మలుపులో ఉండగానే దానికి తెలిసిపోతుంది. అది లేచి ఒళ్లు విరుచుకొంటే మా ఇంటామె పొయ్యి మీద టీ నీళ్లు పెట్టడము నేర్చుకొన్నది. సంఘములో చాలామందికి మా రాకవలన సంతోషమున్నదో లేదో చెప్పలేము గాని, టైగర్‌కు మాత్రము దినమునకు నాలుగుసార్లు వెళ్లి వచ్చినా నాలుగుసార్లూ పండుగే. తోక ఒకటే కాదు, నడుము కూడ ఊగుతుంది. ఇంటికి వచ్చిన మనిషిని తలయెత్తి చూడకుండా "వచ్చారా" అని అనుకొనే మనము దాని దగ్గర కొంత నేర్చుకోవచ్చును.

సాయంకాల కుటుంబ ప్రార్థనకు మేము మోకరిస్తే అది గుమ్మములో ముందుకాళ్ల మీద గడ్డము ఆనించి పడుకొంటుంది. మా ప్రార్థన పొడవైతే ఆవులిస్తుంది. ఆ ఆవులింత చూడవలెనని చిన్నవాడు ఒక కన్ను తెరచి ఉంచుతాడు. వాడు తెరచిన కన్ను మేమెలా చూచామని మమ్ములను అడుగవద్దు.

ఇక అసలు సంగతి. ఆ సంవత్సరము అక్టోబరు నెలలో ఒక సాయంకాలము ప్రార్థనకు కూర్చున్నాము. చిన్నవాడు చేతులు జోడించలేదు. కుడిచేయి చొక్కా క్రింద దాచుకొన్నాడు. "చేతులు జోడించు నాన్నా" అన్నది తల్లి. వాడు కదలలేదు. మేము కొంచెము గట్టిగా చెప్పేసరికి వాడి కళ్లు నిండాయి. చేయి బయటికి తీస్తే బొటనవ్రేలి ప్రక్కన రెండు పంటిగాట్లు, ఎండిన నెత్తురు.

మధ్యాహ్నము టైగర్ చేపల పులుసు అన్నము తింటుండగా వాడు ఆటకు గిన్నె లాగాడట. అది గభాలున కరచి, వెంటనే తానే భయపడి మూలకు పోయి పడుకొన్నదట. "ఎందుకు చెప్పలేదురా?" అని అడిగితే వాడు అన్న మాట ఇది: "చెప్తే టైగర్‌ని కాలువ అవతల వదిలేసి వస్తారని."

అయిదు గంటలపాటు ఆ పిల్లవాడు ఆ గాయమును, ఆ భయమును ఒంటరిగా మోశాడు. మేము మాత్రము వసారాలో కూర్చొని ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకొంటున్నాము.

మా పెద్దవాడు బోరింగు కొట్టాడు. పారే నీటి క్రింద బట్టల సబ్బుతో చిన్నవాడి చేతిని గడియారము చూచి పదిహేను నిమిషములు కడిగాము. ఆలస్యమైనా కడగవలసినదే. ఇంతలో ఇరుగుపొరుగు చేరారు. ఒకరు కారము అద్దమన్నారు, ఒకరు సున్నము అన్నారు, మరొకరు పొరుగూరిలో పసరు పోసే మనిషి ఉన్నాడన్నారు. వారందరూ మా మీద ప్రేమతోనే చెప్పారు. ఐనను అవేవీ ఈ విషమును ఆపవు. పుండును రేపుతాయి, విలువైన గంటలను మింగుతాయి. సంఘములోని ఒక అమ్మ, "ప్రార్థన చేస్తే చాలదా అయ్యగారూ?" అని అడిగింది. "చేస్తూనే కడుగుతున్నామమ్మా" అన్నాము. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడు. అయినను యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు గదా! ఆ ముద్ద కట్టినందువలన రాజు విశ్వాసము తగ్గిపోలేదు.

ఆ రాత్రే పట్టణములోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని వెళ్లాము. నెత్తురు వచ్చిన గాయము గనుక గాయము చుట్టు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. రెండు భుజముల మీద చర్మములో టీకా వేశారు. తిరిగి 3వ, 7వ, 28వ దినములలో రమ్మన్నారు. మా చిన్నతనములో కుక్క కరిస్తే బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులని పెద్దలు భయపెట్టేవారు. ఆ పాత మందు మన దేశములో 2005 నుండి వాడుకలో లేదు. ఇప్పుడు ఆ భయముతో ఎవరూ ఆగనక్కరలేదు.

డాక్టరుగారు చీటీ వ్రాస్తూ తలయెత్తకుండా అడిగారు. "పెంపుడు కుక్కేనా? దానికి టీకా వేయించారా?"

మేము మాట్లాడలేకపోయాము. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించవలెనని మాకు తెలుసు. మా ఇంటామె మూడుసార్లు గుర్తుచేసింది. ఒకసారి ఉజ్జీవ కూటములని, ఒకసారి వాన అని, ఒకసారి వచ్చే సోమవారమని మేమే వాయిదా వేశాము. పశువుల ఆసుపత్రి మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరము. "రేపు అనవద్దు" అని పులుపిటము మీద ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ రాత్రి ఆ బోధ మా తట్టు తిరిగి నిలువబడింది.

డాక్టరుగారు చెప్పినది ఇది. కుక్కను చంపవద్దు, తరుమవద్దు. కట్టివేసి పది దినములు చూడండి. ఈ వ్యాధి కుక్క ఉమ్మిలోనికి దిగిన తరువాత అది ఎక్కువ కాలము బ్రతకదు. పది దినములు ఆరోగ్యముగా ఉంటే, కరచిన నాడు దాని ఉమ్మిలో ఆ విషము లేదని అర్థము. అంతవరకు బాబుకు సూదులు మాత్రము ఆపకండి. మనిషిలో ఈ వ్యాధి లక్షణములు కనబడిన తరువాత కాపాడే వైద్యము దాదాపు లేనట్టే, అందుకే ముందే జాగ్రత్తపడాలి, అన్నారు.

మరునాడు తెల్లవారేసరికి నలుగురు యువకులు కర్రలతో మా గుమ్మము ముందున్నారు. "మీరు చంపలేరు అయ్యగారూ, మాకు వదలండి" అన్నారు. వారి ఇళ్లలోనూ చిన్నపిల్లలున్నారు గనుక మేము వారిని తప్పుపట్టలేదు. అయితే అది చస్తే పిల్లవాడికి ఏమి జరుగనున్నదో తెలుసుకొనే దారి మూసుకుపోతుందని చెప్పి, పాత వంటపాకలో గొలుసు వేసి, తలుపు బిగించి, తాళముచెవి మా జేబులో పెట్టుకొన్నాము.

అంతవరకు అది మాకు కాపలా కాసింది. ఆ పది దినములు మేము దానికి కాపలా కాశాము. నీళ్లు త్రాగుతున్నదా, మెతుకు మ్రింగుతున్నదా, గొంతు మారినదా, నడక తూలుతున్నదా అని తలుపు సందులోనుండి ఉదయము సాయంత్రము చూచేవారము. చిన్నవాడు పాక గోడ మీద సుద్దముక్కతో దినమునకొక గీత గీసేవాడు. అయిదవ దినమున అది అన్నము ముట్టలేదు. ఆ రాత్రి మా ఇంట ఎవరమూ సరిగా తినలేదు. మా ఇంటామె మాటాడకుండా పిల్లవాడి చేతి మీద చేయి వేసి కూర్చున్నది. ఆరవ దినము ఉదయము వెళ్లి చూస్తే, పాకలో మరచిపోయిన మా పాత తోలుచెప్పు సగము నమిలి ఉన్నది, ప్రక్కన గిన్నె ఖాళీ. చెప్పు పోయినందుకు మేము స్తోత్రము చెల్లించినది అదే మొదటిసారి!

పదవ గీత పడిన ఉదయము టైగర్ గొలుసు లాగుతూ ఎప్పటివలెనే మొరిగింది. చిన్నవాడు ఏడ్చాడు. మేమును ఏడ్చాము. వాడిని దగ్గరకు తీసికొని, "తప్పు నీది కాదు నాన్నా, టీకా వేయించనిది మేము" అని తల్లి ముందు ఒప్పుకొన్నాము. తండ్రి పిల్లవాని యెదుట తప్పు ఒప్పుకొంటే పెద్దరికము పోతుందని కొందరు అనుకొంటారు. పోలేదు. ఆనాటినుండి వాడు పగిలిన పలక సంగతి, తక్కువ మార్కుల సంగతి కూడ వచ్చి చెప్తున్నాడు. డాక్టరుగారి మాట ప్రకారము మిగిలిన సూదులు పూర్తి చేయించాము. టైగర్‌కు అదే వారము టీకా వేయించాము. ఇప్పుడు ఏటేటా వేయిస్తున్నాము.

ఆ యేడు కోతపండుగకు మన పెద్దాయన కానుకగా తెచ్చిన పుంజు చేయి జారి ఎగిరింది. టైగర్ జీవితములో మొదటిసారి ధైర్యము తెచ్చుకొని గుడి చుట్టు మూడుసార్లు తరిమి, చివరకు దాని ఎదుట పడేసరికి తోక ముడిచి మా ఇంటామె వెనుక దాగింది. అందరూ నవ్వుతుండగా ఆ పుంజు వేలములో మామూలుకన్న మంచి ధర పలికింది.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ అనే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించి బ్రతికించాడు. దాని జ్ఞాపకార్థమే జూలై 6న పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేస్తుంటారు. 2023లో ఆ దినమున మేము గుడి ఆవరణలో వేపచెట్టు క్రింద మా వీధి కుక్కలకు వేయించాము. వరుసలో మొదట నిలిచినది ఎవరనుకొంటున్నారు? తన పొలము కాసే నల్లకుక్కను తాడుతో పట్టుకొని వచ్చిన మన పెద్దాయనే. నాడు కర్రలు పట్టిన యువకులే కుక్కలను పట్టి ఇచ్చారు.

కాబట్టి ప్రియులారా, ఈ నెల మీ ఇంటిలో మూడు పనులు చేయండి. మీ కుక్కకు టీకా వేసిన తేదీ క్యాలెండరు మీద వ్రాసి పెట్టండి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి పోవద్దని పసివారికి నేర్పండి. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కుక్క కరచినా, గీరినా, ఏమి జరిగినా వెంటనే అమ్మానాన్నలకు చెప్పవచ్చునని, చెప్పితే తిట్టరని మీ పిల్లలకు నమ్మకము కలుగజేయండి. సబ్బు, నీళ్లు, సూదిమందు ఉన్నా, పిల్లవాడు నోరు తెరిస్తేనే గదా అవి పనికివచ్చేది.

ఇది వ్రాస్తుండగా టైగర్ లేచి ఒళ్లు విరుచుకొంటున్నది. బడినుండి వచ్చే చిన్నవాడి సైకిలు మలుపు తిరిగినట్టున్నది. వచ్చే నెల మరల కలుసుకొందాము. ప్రభువు మీ ఇంటిని, మీ గుమ్మము కాసే మూగజీవమును కూడ కాపాడును గాక.