సభాదర్శనము: సందర్శకుడు పరాయివాడు కాడు, యజమానుడు

విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురముల మీదుగా ఢిల్లీకి సాగు సమతా ఎక్స్‌ప్రెస్‌లో కాశీ, ప్రయాగ, హరిద్వార యాత్రలు సంకల్పించుకొని బయలుదేరు కుటుంబములు ఏటేటా అనేకము. యాత్రాంతమున ఢిల్లీలో ఒకటి రెండు దినములు మిగులును. ఎర్రకోట, కుతుబ్ మీనారు, ఇండియా గేటు చూచి, విజయ్ చౌక్ వద్ద నిలిచి, దూరమున కనిపించు పార్లమెంటు భవనము వెనుక వచ్చునట్లు ఛాయాచిత్రము తీయించుకొని మరలుదురు. స్వగ్రామము చేరిన పిదప "పార్లమెంటు కూడ చూచితిమి" అని బంధువులకు చెప్పుదురు. ఈ వాక్యమునందలి 'చూచితిమి' అను క్రియ విచారణీయము. చూడబడినది ఏది? చూచినవాడు ఎవడు? దృగ్దృశ్యవివేకము వేదాంతపాఠమునకే పరిమితము కాదు. సభాదర్శనమునకు కూడ అది అవసరమే.

మహాభారత సభాపర్వమున ఒకే సభను ఇరువురు దర్శించిరి. మయుడు నిర్మించిన ధర్మరాజసభకు దుర్యోధనుడు వచ్చెను. అతని దృష్టి స్ఫటికశిలల మీదను, మణికుట్టిమముల మీదను నిలిచెను. నేలను నీరని, నీటిని నేలయని భ్రమించెను. ఆ దర్శనమువలన అతడు తనవెంట కొనిపోయినది అసూయ, అవమానము మాత్రమే. ఆ అసూయయే ద్యూతమునకు, కురుక్షేత్రమునకు బీజమయ్యెను. అతనికి ముందే అదే సభకు నారదుడు వచ్చెను. అతడు స్తంభములను లెక్కింపలేదు. కర్షకునికి బీజధాన్యమునకు లోటు లేదు గదా, తటాకములు రాజ్యమంతటను నిండియున్నవి గదా, సేద్యము వర్షమునే నమ్ముకొని లేదు గదా అని రాజును ప్రశ్నించెను. ఇట్టి ప్రశ్నల పరంపర ముగిసిన తరువాతనే సభాభవనముల వర్ణన ప్రసక్తించినది. ఆ క్రమము యాదృచ్ఛికము కాదు. సభకు వెళ్లువాడు ప్రశ్నను వెంట తీసికొని వెళ్లవలెను. భవనశోభ తరువాతి మాట.

భవనశోభ ఉపేక్షింపదగినదని దీని భావము కాదు. లుట్యెన్స్, బేకరులు రూపకల్పన చేసిన వృత్తాకార భవనమునకు 1921 ఫిబ్రవరి 12న శంకుస్థాపన జరిగినది. 1927 జనవరి 18న ప్రారంభమైనది. దాని వ్యాసము 560 అడుగులు. వెలుపలి వరండాలో 144 స్తంభములు. పరపాలకులు తమ ఏలుబడికై కట్టుకొన్న ఆ మందిరముననే 1946 డిసెంబరు 9 మొదలు రాజ్యాంగసభ కూర్చుండినది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రమున అధికారము చేతులు మారినది. ఈనాడు దానికి సంవిధాన సదనమని పేరు. దాని ప్రక్కన త్రికోణాకృతిలో నిర్మితమైన నూతన భవనము 2023 మే 28న ప్రారంభమైనది. సెప్టెంబరు 19న, వినాయకచవితినాడు, ఉభయసభలు అందులోనికి మారినవి. నూతన లోక్‌సభామందిరమున 888 మందికి, రాజ్యసభామందిరమున 384 మందికి ఆసనములు కలవు. ఒకదానికి మయూరము, మరియొకదానికి పద్మము అలంకారప్రతీకలు. ఇవన్నియు తెలియదగినవే. కాని ఇంతమాత్రమే తెలిసికొని మరలినవాడు మయసభలోని దుర్యోధనునికన్న అధికముగా చూచినవాడు కాడు.

"పార్లమెంటు ప్రజాస్వామ్య దేవాలయము" అను మాట ఉపన్యాసములలో తరచుగా వినబడును. భక్తితో పలికిన మాటయే అయినను, శాస్త్రదృష్టితో చూచినచో అది అంతగా పొసగదు. దేవాలయమున మూర్తి ప్రభువు, భక్తుడు దాసుడు. భక్తుడు శిరస్సు వంచి తీర్థము పుచ్చుకొని వచ్చును. మూర్తిని లెక్క అడుగడు. సభను దేవాలయమనుకొన్నచో సభ్యుడు దేవుడగును, ప్రజ ప్రసాదార్థి యగును. ఆ భావమునుండియే నాయకునికి పాలాభిషేకములు పుట్టుచున్నవి. సభకు సమీపమైన ఉపమానము దేవాలయము కాదు, యజ్ఞశాల.

యజ్ఞమున యజమానుడు ఋత్విక్కులను వరించును. హోత, అధ్వర్యుడు, ఉద్గాత తమతమ కర్మలను నిర్వర్తింతురు. దక్షిణ యజమానునిది, ఫలమును అతనిదే. ఋత్విక్కు చేసిన లోపము యజమానునికే హాని యని శ్రుతి హెచ్చరించుచున్నది. రాజ్యతంత్రమును ఈ దృష్టితో పరికింపుడు. ఎన్నిక వరణము, పన్ను దక్షిణ, సభ్యుడు ఋత్విక్కు. వరించిన పిదప యజ్ఞశాలవైపు తొంగియైనను చూడని యజమానుని ఏమనవలెను? యజ్ఞము చెడినదని తరువాత ఎవరిని నిందింపవలెను?

ఋత్విగ్వరణమునకు సంబంధించిన ఒక ఉదంతము ఈ రెండు జిల్లాల చరిత్రలోనే కలదు. 1952లో వి.వి. గిరి పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి యయ్యెను. 1957లో పార్వతీపురమున పోటీచేసి పరాజితుడయ్యెను. అది ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది. అయినను గెలిచిన ఇరువురును గిరిజనులే. సామాన్యస్థానము గిరిజనునికి చెల్లదని గిరి వాదించెను. ప్రజలు వరించినచో ఆ స్థానము కూడ చెల్లునని 1959లో సుప్రీంకోర్టు నిర్ణయించి, డిప్పల సూరిదొర ఎన్నికను నిలిపినది. ఓడిన గిరియే 1967లో ఉపరాష్ట్రపతియై రాజ్యసభకు అధ్యక్షత వహించెను. 1969లో రాష్ట్రపతి యయ్యెను. ఒక మన్యప్రాంతపు వోటు మునుపు కేంద్రమంత్రిగా పనిచేసినవానిని ఇంటికి పంపగలిగినది. రాజ్యాంగము ఆ వోటును గౌరవించినది. పార్వతీపురము స్టేషనులో రైలెక్కు యాత్రికునికి ఈ వృత్తాంతము తెలిసినచో, సభాద్వారమున అతని నడక వేరుగా నుండును.

అయితే ఆ ద్వారమున అతనికి లభించు పేరేమి? లోక్‌సభా నియమావళి సభ్యులు కానివారిని 'స్ట్రేంజర్స్' అని పేర్కొనుచున్నది, అనగా పరాయివారు. ఇది బ్రిటిషు సభాసంప్రదాయమునుండి సంక్రమించిన పదము. సమావేశకాలమున ప్రేక్షకుల గ్యాలరీకి వెళ్లవలెనన్నచో పార్లమెంటు సభ్యుని ద్వారా ప్రవేశపత్రము పొందవలెను. వచ్చువాడు తనకు ఎఱిగినవాడేయని సభ్యుడు పూచీపడవలెను. లోపలికి చేసంచి, ఫోను నిషిద్ధములు. కరతాళధ్వని చేయరాదు, మాటలాడరాదు. సభాపతి ఆజ్ఞాపించినచో లేచిపోవలెను. యజమానునికి యజ్ఞశాలలో పరాయివాడను పేరు! ఈ పదమును మార్చుట యుక్తము. సందర్శకుడనుటకు భారతీయభాషలలో పదములకు కరవు లేదు.

పదము మారవలెనన్నంతమాత్రమున నియమములు అనవసరమని చెప్పరాదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై ఉగ్రవాదులు దాడిచేసినపుడు భద్రతాసిబ్బందితో పాటు ఒక తోటమాలి కూడ ప్రాణములు కోల్పోయెను. సరిగా 22 సంవత్సరముల తరువాత, 2023 డిసెంబరు 13న, ప్రవేశపత్రముతో గ్యాలరీకి వచ్చిన ఇరువురు సభలోనికి దుమికి రంగుపొగ వదలిరి. ఆనాడే సందర్శకపత్రముల జారీ నిలిపివేయబడినది. ఇరువురు చేసిన అపచారమునకు యజమానులందరకు ద్వారము మూయబడుట అట్లు జరిగినది. రక్షణ వలయును, కాని రక్షణ పేరిట దర్శనమును అరుదుచేయుట దీర్ఘకాలమున సభకే హానికరము. ఎవరును చూడని యజ్ఞమున లోపములు పెరుగును.

ఇక మౌనవిషయము. పాత భవనమున లిఫ్టు సమీపమున లిఖింపబడిన ఒక మనుస్మృతి శ్లోకమునకు తాత్పర్యమిది: సభలో ప్రవేశింపకుండుటైనను మేలు, ప్రవేశించినచో యుక్తమైనదే పలుకవలెను, పలుకక యుండినను, వక్రముగా పలికినను పాపమే. సందర్శకునికి మౌనము విధింపబడినది గదా, అతడు పాపభాగి యగునా అని శంక కలుగవచ్చును. సమాధానము యజ్ఞశాలలోనే కలదు. అక్కడ నాల్గవ ఋత్విక్కు బ్రహ్మ. అతడు దక్షిణదిశయందు మౌనముగా ఆసీనుడై సర్వమును గమనించును. అతని మౌనము భంగమైనచో యజ్ఞము ఒంటిచక్రపు రథమువలె కూలునని ఛాందోగ్యము చెప్పుచున్నది. లోపము కలిగినపుడు ప్రాయశ్చిత్తము నిర్వర్తించువాడును అతడే. అనగా బ్రహ్మయొక్క మౌనము నిష్క్రియత్వము కాదు, అది జాగరూకత. గ్యాలరీలోని పౌరుని మౌనము అట్టిది కావలెను.

"సభాకార్యక్రమములు టెలివిజనులో ప్రత్యక్షముగా కనబడుచుండగా అంతదూరము పోనేల?" అని కొందరు ఆక్షేపింతురు. టెలివిజను మాటలాడువానిని మాత్రమే చూపును. గ్యాలరీలో కూర్చున్నవానికి వినువారు, విననివారు, లేనివారు కూడ కనబడుదురు. అరసవల్లిలో సూర్యకిరణములు స్వామి పాదములను సోకు దృశ్యమును తెరపై చూడవచ్చును. అయినను మార్చి, అక్టోబరు మాసములలో జనులు తెల్లవారుజామున బారులు తీరుచునే యున్నారు గదా!

ఆ లేనివారి విషయము యాత్రికుని మనస్సును నొప్పించును. రాజ్యాంగము 100వ అధికరణము ప్రకారము సభకు కోరము దశమాంశము. 543 స్థానముల లోక్‌సభకు 55 మంది చాలును. మధ్యాహ్నము వెళ్లినవానికి ఖాళీ ఆసనములే పంక్తులుగా కనబడవచ్చును. తొందరపడి తీర్పు చెప్పరాదు; సభ్యుల పనిలో కొంత స్థాయీసంఘములలో జరుగును. అయినను ఖాళీ ఆసనము ఖాళీ ఆసనమే. ద్రౌపది ప్రశ్నించిననాడు కురుసభలో ఆసనములు నిండియే యున్నవి. కాని పెద్దల నోళ్లు పెగలలేదు. పలికినవారు విదురుడు, వికర్ణుడు. కనుక హాజరు ఒక్కటే సభాధర్మము కాదు. తన సభ్యుడు వచ్చెనా, వచ్చి పలికెనా, పలికినది తన నేలకు సంబంధించినదేనా అని యాత్రికుడు మూడంచెలుగా గమనింపవలెను.

లోక్‌సభలో ఉదయము 11 గంటలకు ప్రశ్నోత్తరములు ఆరంభమగును. సాధ్యమైనచో ఆ గంటకే వెళ్లవలెను; నారదుని ప్రశ్నలకు నేటి స్థానమది. ఉద్దానమున మూత్రపిండవ్యాధి ఇంటింటిని తాకుచుండగా, శుద్ధజలము గూర్చి, ఆ వ్యాధికారణశోధన గూర్చి ఎవరు అడిగిరి? వంశధార న్యాయాధికరణము 2017లో నేరడి బ్యారేజీకి అనుమతించిన తరువాత ఆ పని ఎంతవరకు వచ్చినది? చేపలవేటకై గుజరాతు వెరావలు తీరమునకు వలసపోవు శ్రీకాకుళపు మత్స్యకారునికి స్వతీరమున జీవిక ఏది? 2024లో విజయనగరపు సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు సైకిలుపై పార్లమెంటుకు వెళ్లుట పత్రికలలో బహుళముగా వచ్చినది. ఆ నిరాడంబరత ప్రశంసనీయము. కాని సభ్యుడు ఎక్కివచ్చిన వాహనముకన్న అతడు మోసికొనివచ్చిన ప్రశ్న ముఖ్యమని యజమానుడు మరువరాదు.

కాశినుండి వచ్చినవాడు గంగాజలమును తెచ్చి ఇంట గంగపూజ చేయును. అప్పుడే యాత్ర సంపూర్ణము. సభాయాత్రకు సమారాధన ఎక్కడ? గ్రామసభలో. 73వ రాజ్యాంగసవరణము 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. తన గ్రామసభలో ప్రతి వోటరు సభ్యుడే. అక్కడ అతడు పరాయివాడు కాడు. అక్కడ మౌననియమము లేదు. ఢిల్లీలో ఖాళీ ఆసనములను చూచి ఆక్రోశించువాడు తన ఊరి గ్రామసభలో తన స్థానము ఖాళీగా నుండుటను ఎరుగునా? మనుశ్లోకము చెప్పిన పాపము అంటునది ఇచ్చటనే. పలుకుటకు హక్కుండియు పలుకనివాడు పాపి. ఉత్తరమేరూరున వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలపై పదవ శతాబ్ది నాటి గ్రామసభానియమములు నేటికిని నిలిచియున్నవి. లెక్కలు అప్పగింపని సభ్యుడు, అతని బంధువులును మరల ఎన్నికకు అనర్హులని ఆ శాసనము విధించినది. లెక్క అడుగుట దైవసన్నిధికి విరుద్ధము కాదని ఆ కోవెల గోడయే ప్రమాణము.

అరసవల్లి స్వామికి కర్మసాక్షి యని పేరు. ఆయన మాటలాడడు, చప్పట్లు కొట్టడు. అయినను ఆయన చూచుచున్నాడను ఎఱుకయే ఎన్నో చేతులను అకార్యమునుండి మరలించును. సభకు పోవు పౌరుడు ఆ సాక్షిత్వమును కొంచెమైనను అలవరచుకొని పోవలెను; తిరిగివచ్చి తన ఊరి సభలో నోరు విప్పవలెను. అంతవరకు "పార్లమెంటు చూచితిమి" అను వాక్యము అసంపూర్ణమే.

స్వస్తి.