ఒలిచివేయవలసిన పొర

కొత్త వస్తువు ఇంటికి వస్తే దానిమీది ప్లాస్టిక్ పొరను ఒలిచివేయడానికి మనకు చేతులాడవు. ఫ్రిజ్ తలుపుమీద, గ్యాసుపొయ్యిమీద, వంటింటి సింకుమీద అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అంచులు లేచి, లోపల దుమ్ము చేరి, వస్తువు అందమంతా చెడిన తరువాత కూడ "ఉండనీ, గీతలు పడకుండా కాపాడుతోంది" అంటాము. ఈ అలవాటుకు నేనూ అతీతుణ్ణి కాను. దానివల్ల జరిగిన నష్టాన్నీ, అందులోనుండి నేర్చుకొన్న నాలుగు మాటలనూ మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

మేముండేది చిక్కడపల్లిలో, నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో. 2021లో మా అపార్టుమెంటుకు కొత్త లిఫ్టు వచ్చింది. లోపలి గోడలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు, వాటిమీద నీలిరంగు పొర. బిగించిన పనివాడు వెళ్లబోతూ పొర తీసివేయమంటారా అని అడిగాడు. అప్పట్లో మా సంఘానికి కార్యదర్శిని నేనే. "ఇంకా సామాన్లు ఎక్కించేవాళ్లున్నారు, ఉండనివ్వు" అన్నాను. ఆ 'ఇంకా' మూడేళ్లు సాగింది.

2024 వేసవిలో తీయబోతే పొర పేలికలు పేలికలుగా చిరిగింది. జిగురు మాత్రం రేకును వదలలేదు. మా వాచ్‌మన్ ఎలాగైనా శుభ్రం చేద్దామని స్నానాలగదికి వాడే యాసిడ్ పోసి, ఇనుపపీచుతో తోమాడు. జిగురు పోయింది, దానితోపాటు మెరుపూ పోయింది. బూడిదరంగు మరకలు, అడ్డదిడ్డపు గీతలు మిగిలాయి. సంఘం సమావేశంలో అతని జీతంలో కోత వేయాలన్నారు. అతడు నావైపు చూసి మెల్లగా, "పంతులు సారూ, మీరే తియ్యొద్దన్నరు గదా" అన్నాడు. నాదగ్గర జవాబు లేకపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలని నారాయణగూడలో మెట్ల రెయిలింగులు చేసే ఒక దుకాణానికి వెళ్లి కూర్చున్నాను. యజమాని ఓపికగా చెప్పాడు. మిగిలినది చదివి తెలుసుకొన్నాను.

స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు రక్షణ ప్లాస్టిక్ కాదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఈ రకపు ఉక్కును తయారు చేసిననాటినుండి దాని రహస్యం ఒక్కటే: క్రోమియం. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, గాలిలోని ఆక్సిజన్ తగలగానే ఉక్కుమీద క్రోమియం ఆక్సైడు పొర తనంతట తానే ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే, అంటే మన వెంట్రుకకన్న వేల రెట్లు పలుచన. గీత పడితే గాలిని పీల్చి మళ్లీ అల్లుకొంటుంది. ఇది స్టీలుకు సహజకవచం. బజారులో దొరికే స్నానాలగది యాసిడ్‌లో ఉండేది సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులోని క్లోరైడు ఈ కవచాన్నే ఛేదిస్తుంది. ప్లాస్టిక్ పొర అంచుకింద తడీ మురికీ చేరి, గాలి ఆడకుండా నిలిచిపోయినా ఆ కవచం బలహీనపడి మచ్చలు పడతాయి.

అయితే ప్లాస్టిక్ పొర అక్కరలేదా? తప్పక కావాలి. రేకు కర్మాగారంనుండి మన ఇంటికి వచ్చేలోపల లారీలో రాపిడి, కోత, వంపు, ఆపైన సిమెంటు, సున్నం, రంగులు. ఇన్నింటినుండి మెరుగును కాపాడేది అదే. కాని దానిని ఎన్నుకొనేటప్పుడు మనం ఒక్క ధర తప్ప మరేదీ అడగము. అడగవలసినవి మూడున్నాయి.

మొదటిది, ఏ మెరుగుమీద? అద్దంలాంటి నున్నని రేకుకు జిగురు పూర్తిగా ఆనుకొంటుంది గనుక తక్కువ పట్టు చాలు. హెయిర్‌లైన్, మ్యాట్ రకాలకు కొంత గట్టిపట్టు కావాలి. ముందుగా ఒక తునకకు అంటించి, కొన్నాళ్లు ఉంచి, ఒలిచి చూడడం ఉత్తమం.

రెండవది, ఎక్కడ? రబ్బరు జిగురు ఎండకు త్వరగా పాడై రేకుమీదే మిగిలిపోతుంది. వాకిట్లోనో, బాల్కనీలోనో ఉండే పనికి యాక్రిలిక్ జిగురుతో, అతినీలలోహిత కిరణాలకు తట్టుకొనేలా చేసిన పొర కావాలి. పైన తెలుపు, లోపల నలుపు ఉండే రకం ఇందుకోసం చేసిందే.

మూడవది, ఎంతకాలం? మందులకున్నట్లే ఈ పొరకూ గడువుంటుంది. ఇంటిలోపల వాడే రకాలకు చాలావరకు ఆరు మాసాలు, ఎండలో అయితే రకాన్నిబట్టి ఇంకా తక్కువ. గడువు దాటినకొద్దీ పట్టు పెరుగుతుంది, పొర పెళుసవుతుంది. వెల్డింగు చేసేచోట మాత్రం ముందే తీసివేయాలి, లేకపోతే కాలి మచ్చపడుతుంది.

పాఠాలు చెప్పినవాణ్ణి గనుక వ్యాకరణం గుర్తుకు రాక మానదు. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువువలె ఉన్నదాన్ని తోసి కూర్చుంటుంది అని పిల్లలకు చెప్పేవాళ్లం. 'మాయమ్మ'లో యకారం ఎవరినీ కదపదు. 'అన్నదమ్ములు'లో దకారం తకారాన్ని తోసివేస్తుంది. ఈ పొర ఆగమంగా వచ్చినదే. గడువు దాటనిచ్చి దానిని ఆదేశంగా మార్చినవాళ్లం మనమే.

అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల విద్యార్థుల మెస్సుల ముందునుండి నడిచేటప్పుడు స్టీలు బల్లలమీద, మంచినీటి కూలర్లమీద చిరిగి వేలాడే ఆ నీలిపేలికలు ఇప్పుడు నా కంటబడకుండా ఉండవు. అన్నం తినేచోట వాటికింద మురికి చేరడం మెరుపు పోవడంకన్న పెద్ద దోషం. 2020 ఫిబ్రవరి 7న మన ప్రాంతానికి మెట్రో వచ్చింది. చిక్కడపల్లి స్టేషను మెట్లపక్క స్టీలు కమ్మీని రోజూ ఎన్ని చేతులు పట్టుకొంటాయి! దానిమీద ఏ పొరా లేదు. స్టీలు ఉన్నది ముట్టుకోవడానికే.

పాతపొర వదలకపోతే జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొద్దిగా వేడి చూపి, మూలనుండి నెమ్మదిగా ఒలవాలి. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని నూలుగుడ్డతో, దగ్గరలో నిప్పు లేకుండా, గాలి ఆడేటట్లు చూసుకొని తుడవాలి. తరువాత సబ్బునీరు, ఆపైన పొడిగుడ్డ. యాసిడ్, బ్లీచింగు, ఇనుపపీచు దగ్గరకు రానీయరాదు.

జీతంలో కోత మాట వీగిపోయింది. తీయవద్దన్నది నేనేనని సమావేశంలో ఒప్పుకొన్నాను. మళ్లీ మెరుగు పట్టించడానికి అయిన ఖర్చులో నావంతుకు మించి ఇచ్చాను. గీతలు చాలావరకు పోయాయి, ఒక మూల మరక మిగిలింది. ఇకపై స్టీలుపని ఏది చేయించినా ఒప్పందకాగితంలో ఒక వాక్యం ఉండాలని తీర్మానం వ్రాయించాను: పొర ఏ తేదీకి తీయాలి, ఎవరు తీయాలి. ఈ రెండూ వ్రాసుకోని చోట చివరకు నింద పడేది, అడగడానికి నోరులేనివాడిమీదనే.