క్రిప్టో వాలెట్ మొరాయిస్తే ఎవరిని అడగాలి? కొత్తవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే!

వెంకటగిరికోట: బ్యాంకు ఖాతాలో డబ్బు కనిపించకపోతే ఏం చేస్తాం? పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్తాం. మేనేజర్‌ని నిలదీస్తాం. అక్కడా పని కాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాం. మరి ఫోన్‌లో వేసుకున్న క్రిప్టో వాలెట్ ఉన్నట్టుండి 'బ్యాలెన్స్ సున్నా' అని చూపిస్తే? దానికి వి.కోటలోనే కాదు, బెంగళూరులోనూ బ్రాంచి లేదు.

చిత్తూరు జిల్లాలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉండే ఊరు వి.కోట. ఉద్యోగాలకైనా, వ్యాపారానికైనా బెంగళూరుతో నిత్యం సంబంధం ఉన్న ప్రాంతం. ఆ బెంగళూరులో బిట్‌కాయిన్‌కు కౌంటర్ లాంటిది ఒకటి వచ్చింది. 2018 అక్టోబరులో యూనోకాయిన్ సంస్థ ఒక మాల్‌లో కియోస్క్ పెట్టింది. కొద్ది రోజుల్లోనే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. అంటే కొత్తగా ఇందులోకి దిగేవాళ్లు ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్‌లోనే సాయం వెతుక్కోవాలి. మోసగాళ్లు కాచుకుని కూర్చునేది కూడా అక్కడే.

సొంత వాలెట్ మాట ఎందుకు పెరిగింది?

2024 జులై 18న మన దేశంలోని పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఒకటైన వజీర్‌ఎక్స్‌పై హ్యాకర్లు దాడి చేశారు. దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో ఎత్తుకెళ్లారు. డబ్బులు తీసుకోవడం ఆగిపోయింది. సింగపూర్ కోర్టులో వ్యవహారం తేలి, ట్రేడింగ్ మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. పదిహేను నెలలు! సామాన్య కస్టమర్ చేసిన తప్పేమీ లేదు.

అప్పటి నుంచి ఒకటే సలహా వినిపిస్తోంది. 'ఎక్స్ఛేంజీలో పెట్టొద్దు, నీ వాలెట్‌లో నువ్వే పెట్టుకో' అని. మాట సబబే. కానీ సగమే. సొంత వాలెట్ పెట్టుకోవడమంటే బ్యాంకు మేనేజర్, క్యాషియర్, సెక్యూరిటీ గార్డు.. మూడు ఉద్యోగాలూ మనమే చేయడం. ఆ మిగతా సగం చెప్పేవాళ్లు తక్కువ.

బ్యాలెన్స్ సున్నా.. డబ్బు పోయినట్టేనా?

కాదు. చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్ ఇంకా లెక్క పూర్తి చేయలేదని అర్థం. ఉదాహరణకు కంప్యూటర్‌లో బిట్‌కాయిన్ కోర్ వేసుకుంటే, అది 2009 జనవరి నుంచి జరిగిన ప్రతి లావాదేవీనీ దించుకుని సరిచూస్తుంది. ఆ డేటా ఇప్పటికే 600 జీబీ దాటింది. మామూలు ఇంటర్నెట్ మీద దానికి రోజులు పడుతుంది. అది పూర్తయ్యేదాకా బ్యాలెన్స్ సున్నా అనో, పాతదో చూపిస్తుంది. హార్డ్‌డిస్క్‌లో చోటు చాలకపోతే పాత డేటాను వదిలేసే 'ప్రూనింగ్' సెట్టింగ్ ఉంది. అంత బరువు వద్దనుకునేవాళ్లకు ఎలక్ట్రమ్ లాంటి తేలికపాటి వాలెట్లు ఉన్నాయి.

కాయిన్లు ఫోన్‌లోనో, యాప్‌లోనో ఉండవు. బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటాయి. మన దగ్గర ఉండేది తాళం చెవి మాత్రమే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

పంపింది మధ్యలో ఆగిపోతే?

బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాక్ వస్తుంది. ఫీజు తక్కువ పెడితే మన లావాదేవీ క్యూలో వెనకబడుతుంది. బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ట్రాన్సాక్షన్ ఐడీ కొడితే ఎక్కడుందో ఎవరైనా చూసుకోవచ్చు. చాలా వాలెట్లలో ఫీజు పెంచే ఆప్షన్ ఉంటుంది. అదీ చేయకపోతే, మామూలుగా రెండు వారాల తర్వాత క్యూలోంచి పడిపోయి డబ్బు మన దగ్గరే ఉన్నట్టు లెక్క.

తప్పు నెట్‌వర్క్ ఎంచుకోవడం దీనికంటే ప్రమాదం. యూఎస్‌డీటీ ఒకటే పేరు, కానీ ట్రాన్, ఇథీరియం ఇలా చాలా దారుల్లో తిరుగుతుంది. ట్రాన్ అడ్రస్ 'టీ' అక్షరంతో, ఇథీరియం అడ్రస్ 'సున్నా, ఎక్స్'తో మొదలవుతాయి. ఇథీరియం, బీఎన్‌బీ చెయిన్ అడ్రస్‌లు ఒకేలా ఉంటాయి కాబట్టి పొరపాటు అక్కడే ఎక్కువ. వెళ్లింది మన సొంత వాలెట్‌కే అయితే, ఆ నెట్‌వర్క్‌ను యాప్‌లో చేర్చుకుంటే కనిపిస్తుంది. ఎక్స్ఛేంజీ అడ్రస్‌కు వెళ్తే వాళ్ల దయ. ముందు కొంచెం పంపి, చేరిందని చూశాక మిగతాది పంపితే ఫీజు రెండుసార్లు పడుతుంది. అయినా అదే చవక.

ఆ 12 పదాలు తెలుగులో లేవు

వాలెట్ మొదలుపెట్టగానే 12 లేదా 24 పదాలు రాసుకోమంటుంది. అవే అసలు తాళం. ఎక్కువ వాలెట్లు వాడే ప్రమాణంలో 2,048 పదాల జాబితా ఉంటుంది. ఇంగ్లిష్‌తో పాటు జపనీస్, కొరియన్, స్పానిష్, చెక్ లాంటి భాషల్లో జాబితాలు ఉన్నాయి. తెలుగే కాదు, ఏ భారతీయ భాషా అందులో లేదు.

ఇందులో ఇబ్బందేంటి? తెలుగు అక్షరాల్లో 'రైట్' అని రాసుకున్నారనుకుందాం. కుడి అనే అర్థమున్న పదమా? రాయడం అనే అర్థమున్న పదమా? రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఏడాది తర్వాత ఫోన్ మార్చినప్పుడు వాలెట్ 'చెల్లదు' అంటుంది. స్పెల్లింగ్ తప్పో, వరస తప్పో అయి ఉంటుంది. అందుకే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే, నంబర్లు వేసుకుని, కాగితం మీదే రాయాలి.

ఫొటో తీసి గ్యాలరీలో పెట్టుకుంటే? 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ 'స్పార్క్‌క్యాట్' అనే మాల్‌వేర్‌ను బయటపెట్టింది. ఫోన్‌లోని స్క్రీన్‌షాట్లు చదివి ఈ పదాలే ఏరుకోవడం దాని పని. గూగుల్ ప్లే, యాపిల్ స్టోర్ రెండింట్లోనూ అలాంటి యాప్‌లు దొరికాయి.

దొంగ 'సాయం' రూపంలో వస్తాడు

2018 డిసెంబరులో ఎలక్ట్రమ్ వాడేవాళ్లు డబ్బు పంపబోతే ఎర్రర్ వచ్చింది. 'అప్‌డేట్ చేసుకోండి' అంటూ ఒక లింకు. సందేశం కనిపించింది అసలైన యాప్‌లోనే. కానీ పంపింది దొంగ సర్వర్లు. లింకులో ఉన్నది నకిలీ వాలెట్. కొద్ది రోజుల్లోనే 200కు పైగా బిట్‌కాయిన్లు పోయాయి. 2020 ఆగస్టులో పాత వెర్షన్ తెరిచిన ఒక వ్యక్తి ఇదే వలలో పడి 1,400 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నట్టు చెప్పాడు.

ఇక్కడ దొంగ తాళం పగలగొట్టలేదు. తాళం పట్టేసిందని చెప్పి, చెవి చేతికి ఇప్పించుకున్నాడు. టెలిగ్రామ్‌లో 'కస్టమర్ కేర్' పేరుతో పలకరించేవాళ్లు చేసేదీ ఇదే. ఏ సమస్య పరిష్కారానికీ మన 12 పదాలు ఇంకొకరికి చెప్పాల్సిన పని లేదు. అడిగారంటే వాడు దొంగే.

ఫోన్‌లో 'మైనింగ్' యాప్‌లదీ అదే కథ. వి.కోటకు పక్కనే ఉన్న కేజీఎఫ్‌లో బంగారం తవ్వడానికి ఎంత ఖర్చయ్యేదో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. బిట్‌కాయిన్ తవ్వడానికీ ప్రత్యేక యంత్రాలు, బోలెడు కరెంటు కావాలి. 2021లో లుకౌట్ అనే సంస్థ 170కి పైగా నకిలీ యాప్‌లను గుర్తించింది. వాటికి డబ్బు కట్టి మోసపోయినవాళ్లు 93 వేల మందికి పైనే.

పన్ను ఉంది.. పాఠం లేదు

2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆర్‌బీఐ ఆంక్షల సర్క్యులర్‌ను కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, జులై నుంచి 1 శాతం టీడీఎస్ వచ్చాయి. ఒకదాంట్లో నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకునే వీల్లేదు. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. అంటే ప్రభుత్వం ఎక్స్ఛేంజీని చూస్తోంది, లాభాన్ని చూస్తోంది. వాలెట్ ముందు కూర్చుని ఎర్రర్ చూసి బెదిరిపోయే మనిషి ఈ లెక్కల్లో ఎక్కడా లేడు.

మోసం జరిగితే 1930 నంబర్ ఉంది. వెంటనే చేయాల్సిందే. రూపాయలు బ్యాంకులో ఉన్నంతసేపు ఆపే అవకాశం ఉంటుంది. కానీ కాయిన్లుగా మారి ప్రైవేట్ వాలెట్‌లోకి వెళ్లాక ఫ్రీజ్ చేయమని అడగడానికి అవతల బ్యాంకే లేదు. సైబర్ పోలీసులు ఓటీపీ గురించి ఊరూరా చెప్తున్నట్టే, ఈ 12 పదాల గురించీ తెలుగులో చెప్పాల్సిన సమయం వచ్చింది.

క్రిప్టో కొనాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. దిగేవాళ్లు మాత్రం డబ్బు వేయకముందే ఒక రిహార్సల్ చేసుకోవాలి. అధికారిక సైట్ నుంచే యాప్ వేసుకుని, పదాలు రాసుకుని, ఖాళీ వాలెట్‌ను డిలీట్ చేసి, కాగితం చూసి మళ్లీ తెరవాలి. అదే అడ్రస్ తిరిగి వస్తే తాళం చెవి మీ దగ్గర ఉన్నట్టు. రాకపోతే.. పైసా పోకముందే తెలిసింది కదా!