ఇరవై అడుగుల దూరం



దాంపత్య ధర్మాల గురించి ఈ శీర్షికలో ఎన్నో విషయాలు ముచ్చటించుకున్నాం. ఈ నెల మాట మాత్రం నా ఇంటి నుంచే మొదలుపెట్టవలసి వస్తోంది.

మా ఊరు పెనుకొండ. మసీదులో జరిగే వారాంతపు ఇజ్తెమాలో అప్పుడప్పుడు ప్రసంగించే అవకాశం నాకు లభిస్తుంటుంది. స్త్రీలు పరదా వెనుక కూర్చుని వింటారు. ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కుటుంబ జీవితాన్ని వివరిస్తూ, అబూదావూద్ సంకలనంలోని ఒక హదీసును ప్రస్తావించాను. ఒక ప్రయాణంలో ఆయన తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె కాస్త ఒళ్ళు చేసిన తర్వాత మళ్ళీ పందెం జరిగింది. ఈసారి ఆయన గెలిచి, ఆనాటి గెలుపుకు ఇది బదులని చమత్కరించారు. శ్రోతలు ఆనందించారు. నేనూ సంతృప్తిగా ఇల్లు చేరాను.

అన్నం వడ్డిస్తూ నా భార్య అడిగింది: "ఈ హదీసు ఇప్పటివరకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారు?"

"పది పదిహేను సార్లు చెప్పి ఉంటాను."

"నాతో కలిసి ఎన్నిసార్లు నడిచారు?"

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ ప్రశ్న మరింత బరువుగా తోచింది. పదకొండేళ్ళుగా నేను ఫజ్ర్ నమాజు కాగానే మిత్రులతో కలిసి నడకకు వెళుతున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె జొన్నరొట్టెలు కాల్చి, టీ కాచి సిద్ధంగా ఉంచుతుంది. మా పెళ్ళై ఇరవై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె గడప దాటిన సందర్భాలు పెళ్ళిళ్ళు, పరామర్శలు, పుట్టిల్లు, ఆసుపత్రి. అంతే. నా ఆరోగ్యం కోసం నేను వేసిన ప్రతి అడుగు వెనుక, ఆమె పొయ్యి ముందు నిలబడిన సమయం ఉందన్న సంగతి ఆనాటివరకు నాకు తట్టనేలేదు.

"వచ్చే రెండో శనివారం, ఆదివారం బడికి సెలవు. ఆ రెండు రోజులూ నీవే" అన్నాను. ఆమె నమ్మినట్లు కనిపించలేదు.

మొదటి చిక్కు పాదరక్షల దగ్గరే వచ్చింది. నాకు రెండు జతల బూట్లున్నాయి. ఆమెకు నడకకు పనికివచ్చేది ఒక్కటీ లేదు. అత్తవారింటికి వెళ్ళిన మా అమ్మాయి విడిచిపోయిన పాత బడి బూట్లు దులిపి తొడుక్కుంది. బురఖా అంచు కాళ్ళకు అడ్డుపడకుండా కొంచెం పైకి కుట్టుకుంది.

శనివారం ఫజ్ర్ తర్వాత బయలుదేరాం. అక్టోబరు నెల. వానలు వెలిసి కొండ పచ్చగా ఉంది. షేర్ ఖాన్ మసీదు, గగన్ మహల్ దాటి కొండదారి పట్టాం. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర పాలకులు రాజధానిగా చేసుకున్న ఊరు మాది. ఎక్కడెక్కడి నుంచో జనం ఈ కోటను చూడడానికి వస్తారు. ఇరవై మూడేళ్ళు ఈ కొండ నీడలో కాపురం చేసిన నా భార్య మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

దారిలో పరిచయస్తుడైన ఒక పెద్దాయన ఎదురయ్యారు. "ఏం మాస్టారూ, ఈ వయసులో షికార్లా?" అన్నారు. నా భార్య తల దించుకుంది. "అవునండీ, సున్నత్ పాటిద్దామని!" అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో గాని, ఆమె పరదా వెనుక నవ్వడం నాకు వినిపించింది.

కొండ సగం ఎక్కాక వెనుదిరిగి చూస్తే ఆమె ఇరవై అడుగుల వెనుక ఉంది. ఒక బండను పట్టుకుని రొప్పుతోంది. నేను అలవాటు చొప్పున నా వేగంతో నడుచుకుంటూ వచ్చేశాను. దిగివెళ్ళి పక్కన కూర్చున్నాను. సీసా అందిస్తే కాసిని నీళ్ళు తాగి, దూరంగా పోతున్న రైలును చూస్తూ నెమ్మదిగా అంది:

"మీకో విషయం చెప్పలేదు. ఎనిమిది నెలల కిందట పరీక్ష చేయిస్తే షుగరు అంచున ఉందన్నారు. రోజూ నడవమన్నారు. అప్పుడు అమ్మాయి పెళ్ళి పనులు. ఆ తర్వాత చెప్పే సందర్భం రాలేదు."

ఒకే కప్పు కింద, ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే మనిషికి ఎనిమిది నెలలుగా సందర్భం రాలేదు! నాతో నడిచే మిత్రులందరి రక్తపోటు లెక్కలు నాకు తెలుసు. రూమ్ సూరా ఇరవై ఒకటవ ఆయత్‌లో అల్లాహ్ దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని తన సూచనలుగా పేర్కొన్నాడు. ఆ ఆయత్‌ను ఎన్నో నికాహ్ సభల్లో వినిపించిన నాకు, దాని అర్థం ఆ బండ మీద కూర్చున్నప్పుడు మనసుకు తాకింది.

ఆ రోజు మేము శిఖరం చేరలేదు. చేరాలనీ అనిపించలేదు. ఎండ ముదరకముందే, ఆమె అడుగుకు నా అడుగు కలిపి దిగివచ్చాం. దారిలో పడివున్న ఒక ముళ్ళకంపను ఆమె పక్కకు లాగింది. బాటలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని ప్రవక్త (సఅసం) బోధించారు కదా!

ఆదివారం మా బావమరిది పొలానికి వెళ్ళాం. చెనిక్కాయలు పెరికే రోజులు. నా భార్య రైతుబిడ్డ. గట్టు మీద కూర్చుని చెట్ల నుంచి కాయలు విడదీస్తుంటే ఆమె వేళ్ళు ఎంత వేగంగా కదిలాయో చెప్పలేను. నా గంప పావు నిండేసరికి ఆమె గంప నిండిపోయింది. "ఈ గెలుపుకు బదులు తీర్చుకోవాలంటే మీరు మళ్ళీ రావాలి" అంది. ఇరవై మూడేళ్ళ కిందటి నవ్వు అది. బోరు నీళ్ళతో వుజూ చేసి, చింతచెట్టు నీడలో అందరం జుహ్ర్ నమాజు చేశాం. ఈ సమాజానికి భూమి మొత్తం నమాజు స్థలంగా ప్రసాదించబడిందన్న ప్రవక్త బోధన ఆ నీడలో ఎంతో తీయగా గుర్తుకొచ్చింది.

పాఠకులారా! పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకవంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వినియోగించుకుంటాయి. ఇంటిపనితో శ్రమ సరిపోతుందని మగవాళ్ళం తేలికగా అనేస్తాం. అలసట వేరు, వ్యాయామం వేరు. మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా తీసుకుని మొదలుపెట్టాలి. నీళ్ళు, నాలుగు ఖర్జూరాలు వెంట ఉంచుకోవాలి. ఎండవేళ కొండలు ఎక్కరాదు.

దీనికి డబ్బుతో పనిలేదు. ఊటీకో, కొడైకెనాల్‌కో వెళ్ళనక్కరలేదు. ప్రతి ఊరికీ ఒక చెరువుకట్టో, ఒక పొలంబాటో ఉంటుంది. కావలసింది ఆమెకొక జత బూట్లు, మీ తీరిక, మీ అడుగు కొంచెం నెమ్మదించడం.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నా ఉదయపు నడక ఆమెతోనే. తిరిగివచ్చాక టీ కాచేది నేను. రొట్టెలు కాల్చేది ఇంకా ఆమే, నా చేతిలో అవి మాడిపోతున్నాయి గనుక! దైవప్రవక్త (సఅసం) ఇంటిపనుల్లో తమవారికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వచ్చే నెల ఆమెకు మళ్ళీ రక్తపరీక్ష ఉంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. ఈసారి ఆ కాగితం తీసుకురావడానికి మాత్రం ఇద్దరం కలిసి వెళతాం.

ఈ పత్రిక మూసేముందు ఒక్కసారి వెనుదిరిగి చూడండి. మీ జీవిత భాగస్వామి మీకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారు? ఆ దూరాన్ని తగ్గించుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.